ఎందుకని అడగని గ్రూపు

లాక్‌డౌన్‌లో మా పేట బమ్రోలిలో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఊరంతా హాయిగా ఉందన్నారు. నాకేం హాయి! పుట్టినప్పటి నుంచీ ఆ మోతలో పెరిగినవాణ్ణి. అది పోయేసరికి పక్కింటి కుక్కర్ విజిల్ కూడా చెవిలో మేకు దిగినట్టుండేది.

నాకు ఆటిజం ఉందని ముప్పయ్యో ఏట తెలిసింది. అప్పటిదాకా పొగరుబోతునన్న పేరే మోశాను. తెలుగులో వెతికితే దొరికినవన్నీ పిల్లల్ని ఎలా మార్చుకోవాలో తల్లిదండ్రులకు చెప్పే వీడియోలే. పెద్దయిన మేమంతా ఏ గంగలో కలిశామని? ఒళ్లు మండి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాను. వారానికొక ఆడియో కార్యక్రమమూ మొదలుపెట్టాను. బయటి చప్పుళ్లు రాకుండా బొంత కప్పుకుని మాట్లాడుతుంటే అమ్మ చూసి హడలిపోయింది.

"ఏందిరా, ఎండల గిట్ల కప్పుకున్నవ్? జరమొచ్చిందా?"

ఆటిజం ఉన్న మా వాళ్లందరినీ చిన్నప్పటి నుంచి ఒకటే ప్రశ్న తరిమింది: ఎందుకు మాట్లాడవు? అందుకే గ్రూపులో ఒక నియమం రాశాను. ఎవరు ఎన్నాళ్లు మౌనంగా ఉన్నా ఎందుకని అడగకూడదు. అది చదివి ఏడ్చామని కొందరు రాశారు. ఎంత మురిసిపోయానో.

గ్రూపులోనే, ఊరికి అవతలి కొసన అమ్రోలిలో ఉండే ఒకామె నా ఆడియోలు సరిచేసేది. ఒకే ఊళ్లో ఉన్నా ఎప్పుడూ కలవలేదు. నోటి తడి చప్పుడు కూడా మా వాళ్లను బాధపెడుతుందని ఒక్కొక్కటే ఏరి తీసేసేది. "గుటకలు శాన మింగుతున్నరు. నీళ్లు తాగి మాట్లాడున్రి" అని ముఖం మీద కొట్టినట్టు రాసేది. అలాంటి మనిషి దొరకడం నాకు పండగే.

రెండో వేవ్‌లో ఒక శుక్రవారం ఆమె నుంచి సరిచేసిన ఆడియో రాలేదు. మరుసటి వారమూ రాలేదు.

"గా పిల్ల సంగతేంది? జర ఫోన్ జేసి అర్సుకోరాదురా" అంది అమ్మ.

"మా గ్రూపుల అట్ల అడగరమ్మా. నీకు తెల్వదు."

"కరోనాల సుత అడగరా?"

కసురుకుని అవతలికి పోయాను. భయం లేక కాదు. 'ఎట్లున్నరు' అని రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. నియమం పెట్టినవాణ్ణి నేనే తప్పితే ఎలా అనుకున్నాను.

మూడో వారం ఆమె నంబరు నుంచి కాల్ వచ్చింది. మాట్లాడింది వాళ్ల అన్న. కరోనా వార్డులో పది రోజులుండి ఆమె పోయిందని చెప్పాడు. లోపలికి ఇంటివాళ్లను రానివ్వలేదట. ఆ తెల్ల లైట్ల కింద, ఆ మిషన్ల మోతలో, ముఖాలు కనిపించని మనుషుల మధ్య ఆమె ఎలా ఉండి ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఫోన్ దాని దగ్గర్నే ఉండె అన్నా" అన్నాడు. "నీ గ్రూపోళ్లకు రాయరాదే అని నేను ఫోన్ల అంటే, నా అంతల నేను మొదలువెట్టుడు నాతోని అయితలేదు, ఎవరన్న అడిగితే జవాబు రాస్త అన్నది. రోజు గా గ్రూపే చూసుకుంట ఉన్న అనేది."

నాదీ అదే తీరు. మొదటి మాట గొంతు దాటదు. అడిగితే మాత్రం చెప్పగలను. ఇంత తెలిసీ ఆ నియమం రాసింది నేనే.

అడిగి ఉంటే ఆమె బతికేదని కాదు. బతకకపోవచ్చు. కానీ ఆ పది రోజుల్లో చెప్పుకోవడానికి ఆమెకు తనలాంటి మనిషి ఒకడు ఉండేవాడు.