ఆయనకు నేనేమవుతాను

మా ఆయన పోయేనాటికి నాకు యాభై నిండలేదు. జనగామ బస్టాండులో టీ తాగుతూ కూలబడిపోతే, నేను నర్సుగా పనిచేసే దవాఖానకే మోసుకొచ్చారు. ఎంతోమంది నాడి చూసిన దాన్ని, ఆ రోజు మాత్రం నాడి దొరకని ఆ చేతిని పట్టుకుని వదల్లేకపోయాను. దినాల రోజున ఆడవాళ్లు చుట్టూ చేరి గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

ఆ తర్వాత ఉద్యోగం పూర్తిచేసి, కొడుకు దగ్గరే ఉండిపోయాను. కొడుకూ కోడలూ మంచివాళ్లు. నేను బాధపడతానని ఇంట్లో మా ఆయన మాటే ఎత్తేవాళ్లు కాదు. అలా ఎత్తకుండా ఎత్తకుండా, ఆయన అసలు ఉన్నాడా అన్నట్టు అయిపోయింది.

మహబూబాబాద్‌లో ఉన్న కూతురికి కాన్పయితే సాయంగా వెళ్లాను. పక్కింటామె తండ్రి అప్పుడు అక్కడే ఉన్నాడు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది. నేను నర్సునని విని బీపీ చూడమని వచ్చాడు. మర్నాడూ వచ్చాడు. బీపీ నిన్నటిలాగే బాగుందని చెప్పాను.

"ఎరికే సిస్టరమ్మా. జర కూసొని పోదామని వచ్చిన" అన్నాడు.

చాలా రోజుల తర్వాత నవ్వాను. భార్య పోయాక జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాననీ, మొదట్లో చేసినవి కుక్క కూడా ముట్టలేదనీ చెప్పాడు. నేను మా ఆయన గురించి చెప్పాను. ఆయన కోపం, ఆయన గురక, పెళ్లయిన కొత్తలో నన్ను సైకిల్ మీద లింగాల ఘనపూర్ తీసుకుపోతూ దారిలో పడేయడం. అంతా విని, "మంచిగనే పడేసిండు" అన్నాడు. చనిపోయిన మనిషి గురించి అలా తేలిగ్గా మాట్లాడుకోవచ్చని నాకప్పటిదాకా తెలియదు.

జనగామ తిరిగొచ్చాక పొద్దున పూట ఫోన్ చేసేవాడు. ఏం కూర, వాన పడ్డదా, మోకాలు నొప్పి ఎట్లుంది, అంతే. ఫోన్ రాని రోజు నాకు అన్నం సహించేది కాదు. మళ్లీ కూతుర్ని చూడడానికి వెళ్లి వస్తుంటే స్టేషన్ దాకా వచ్చాడు. రైలు ఆలస్యమైంది. బెంచీ మీద కూర్చుని, నా వైపు చూడకుండానే అడిగాడు.

"నా దగ్గరికొచ్చి ఉంటవా? వంట కోసం కాదు. వంట నేను చేస్త."

రైలొచ్చింది, ఎక్కేశాను. చాలా రోజులు నాలో నేనే నలిగాను. ఆయన కూతురు తనే ఫోన్ చేసి, మా నాయిన ఒక్కడే ఉంటున్నాడు, రండి ఆంటీ అంది. నా కూతురు ఏడ్చి, ఏడ్చి, వెళ్లమంది. కొడుకు గొంతు పెంచలేదు.

"పో అమ్మా, నేను ఆపను. పెండ్లి మాత్రం వద్దు. నేను నలుగుర్ల తిరగాలె" అన్నాడు.

గుడిలో దండలు మార్చుకుందామని ఆయనకు ఉండేది. కొడుకు మాట చెప్తే, దండలు లేకపోతే ఏమైతుంది అన్నాడు. ఆ రోజు మాత్రం కంచంలో అన్నం అట్లాగే వదిలేశాడు.

దండలు లేకుండానే ఆయన ఇంటికి వెళ్లాను. భూపాలపల్లిలో పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి బొగ్గు దుమ్ముతో నల్లబడేది. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దాలు గలగలమనేవి. నేను ఉలిక్కిపడితే ఆయన నవ్వేవాడు. రొట్టెలు నిజంగానే ఆయనే చేసేవాడు. ఒకరోజు అంగడి నుంచి మూరెడు కనకాంబరాలు తెచ్చి నా పక్కన పెట్టాడు. ఎన్నో ఏళ్ల తర్వాత పూలు పెట్టుకున్నాను. గడప దాటేటప్పుడు మాత్రం తీసేశాను. ఆయన అది చూశాడు. ఇంకోసారి గాజులు తెచ్చాడు. వాటిని తీయలేదు.

దగ్గు మొదలైనప్పుడు, డాక్టరు కంటే ముందే నాకు అర్థమైంది. గనిలో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. వరంగల్ దవాఖానలో ఆక్సిజన్ పెట్టిన రోజుల్లో మాట్లాడలేక నా వేళ్లు నొక్కేవాడు. ఒక మధ్యాహ్నం నొక్కడం ఆపేశాడు.

శవాన్ని సొంతూరు గార్లకు తీసుకెళ్లారు. నేనూ ఆయన కూతురూ అదే బండిలో వెళ్లాం. దిగగానే, ఆయన అన్న పక్కన నిలబడ్డ వదిన నన్ను ఎగాదిగా చూసి, ఈమె ఎవరని అడిగింది. ఆయన కూతురు తల దించుకుంది.

"దవాఖాన సిస్టర్. నాయినను మంచిగ చూసుకున్నది" అంది.

ఎవరో నాకు కుర్చీ వేశారు. చాయ్ ఇచ్చారు. పరాయి మనిషిని కాబట్టి మర్యాదలన్నీ జరిగాయి. ఆడవాళ్లు ఆయన మీద పడి ఏడుస్తుంటే, గోడ పక్కన చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. దగ్గరికి పోయి ముఖం తాకాలనుంది. ఏమని పోను? మొదటిసారి నా చేతి గాజులు పగలగొడుతుంటే, ఈ ఆచారం పాడుగాను అనుకున్నాను. ఈసారి నా చేతుల వైపు ఎవరూ చూడలేదు. ఆయనకు నేను ఏమీ కాననడానికి అంతకంటే ఏం కావాలి?

భూపాలపల్లి ఇల్లు ఖాళీ చేసే రోజు ఆయన కూతురు వచ్చి నా చేతులు పట్టుకుంది. "పెద్దనాయిన ముందల నోరు రాలె ఆంటీ" అంది. కోపం లేదన్నాను. ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ పిల్ల ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతాను. ఆయన గొంతులోని జీర ఆ పిల్లకూ వచ్చింది.

కొడుకే వచ్చి నన్ను జనగామ తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఏసీ ఎక్కువైందా అని మాత్రం అడిగాడు. ఇరుగుపొరుగుకు కొడుకూ కోడలూ, మహబూబాబాద్‌లో కూతురి దగ్గర ఉండి వచ్చానని చెప్పారు. నేనూ అదే చెప్తున్నాను.

మొన్న చిక్కుడుకాయలు తుంచుతుంటే కోడలు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కాసేపు తనూ తుంచి, మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, భూపాలపల్లిల ఆయన ఎట్లాంటి మనిషి?"

నన్ను ఎవరైనా అడగడం అదే మొదలు. ఎన్నో చెప్పాలనుకున్నాను. "మంచిగ మాట్లాడేటోడు" అన్నాను.  కోడలు చాట నా వైపు జరిపింది. ఇద్దరం తలలు వంచుకుని కాయలన్నీ తుంచేశాం.