ట్వంటే కుమ్మరి పాకలో భోజనం

యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, అది మా మూడో రోజు. ముత్తాత మూటలు మోసిన రేవును నాన్న ముందురోజే కళ్లారా చూసుకున్నారు. ఇక కుండలు చేసే ట్వంటే ఊరు చూద్దామని డ్రైవర్‌తో సహా కారు అద్దెకు తీసుకున్నాను. ఉదయం ఏడింటికి పబేడాన్‌లోని మా హోటల్ ముందు కారు ఆగింది. పక్కనే ఇడ్లీల కొట్టు తెరిచే ఉంది. "ఎండెక్కిపోతుంది, దారిలో తిందాం" అని నాన్నను తొందరపెట్టింది నేనే. ఆయన షుగరు మాత్ర అప్పటికే వేసుకున్నారు.

డ్రైవర్ కో రాజుది యాంగోన్‌లోనే తామ్వే అనే పేట. "మా తాతది సికాకులం బాబూ. నాను పుట్టింది ఇక్కడే, తెలుగు తప్పులొస్తే నవ్వకండి" అన్నాడు. నది వంతెన దాటాక రెండువైపులా వరిచేలే. కబుర్లలో పడి టిఫిను సంగతి మరిచాం.

తొమ్మిదిన్నరకు ట్వంటేలో డా మ్యా అనే పెద్దావిడ కుండల పాకలో ఉన్నాం. ఆవిడ కూజా మెడ తీస్తుంటే వంగి చూస్తున్న నాన్న, ఉన్నట్టుండి నన్ను మేనత్త పేరుతో పిలిచారు. చొక్కా చెమటతో తడిసింది, చేతులు వణుకుతున్నాయి. నా సంచిలో ఒక్క బిస్కెట్టు కూడా లేదు.

"షుగరు పడిపోయింది!" అని అరిచాను.

"బయపడకమ్మా" అంటూ కో రాజు నాన్నను చాప మీద కూర్చోబెట్టి, ఆవిడతో బర్మీస్‌లో ఏదో చెప్పాడు. ఆవిడ చేతులు కడుక్కుని తాటిబెల్లం కరిగించిన నీళ్లు తెచ్చింది. గుక్కగుక్కగా పట్టించాను. పావుగంటకు నాన్న, "ఏమిటే, అందరూ నన్నే చూస్తున్నారు?" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ మమ్మల్ని కదలనివ్వలేదు. అన్నం, పప్పు, గోంగూర వేపుడు వడ్డించింది. నాన్న మారు అడిగారు.

"పెద్దాయన్ని ఆకలితో తిప్పుతావేటని నిన్ను తిడతంది" అన్నాడు కో రాజు నాతో.

"తిట్టనీ" అన్నాను.

రెండింటికి బయలుదేరాం. కొంతదూరం పోయాక నాన్న, "బర్మా భాషలో కృతజ్ఞత ఎలా చెబుతారు బాబూ?" అని అడిగారు. "చేజూ తిన్ బాదే" అన్నాడు కో రాజు. నాన్న నాలుగైదుసార్లు పలికి చూసుకుని, "కారు వెనక్కి తిప్పు" అన్నారు.

పాక ముందు దిగి, చేతులు జోడించి, ఆ మాట తడబడుతూ చెప్పారు. డా మ్యా పకపకా నవ్వింది. తప్పు దిద్ది, మళ్లీ చెప్పమంది. చెప్పారు.

యాంగోన్ చేరేసరికి సాయంత్రమైంది. అనుకున్న చోట్లలో సగం చూడలేదు. మీరు వెళితే అవన్నీ చూడండి. నాకు మాత్రం ట్వంటే, ముక్కూమొహం తెలియని మనుషులు నాన్నను తిరిగి అప్పగించిన ఊరు.