ఎర్ర బల్బు కింద బుద్రి పాట

అరకులోయకు నేను బదిలీ మీద వచ్చింది ఉద్యోగం చివరి మూడేళ్ళలో. ఈ సంగతి జరిగింది రెండో ఏడాది, కాఫీ పళ్ళు ఎర్రబడుతున్న రోజుల్లో. హోదా అసిస్టెంట్ ఇంజనీరు. పని రేడియో కోసం కొండ ఊళ్ళ పాటలు రికార్డు చేయడం. మైకు చూడగానే మనుషులు బిగుసుకుపోవడం చూసి చూసి, నెలకో ఆదివారం మధ్యాహ్నం మా క్వార్టర్స్ ముందుగదిలో మైకూ స్పీకరూ లేని కచేరీలు మొదలుపెట్టాను. చాప, మంచినీళ్ళు, పదిహేను మంది శ్రోతలు, అంతే.

మైకు వదిలాను గానీ వృత్తి రోగం వదల్లేదు. రికార్డింగుకు ముందు మేము ఖాళీ గది చప్పుడును అర నిమిషం పట్టి చూస్తాం. దాన్ని రూమ్ టోన్ అంటాం. అందులో గోడ గడియారం టిక్కుమన్నా మాకు తలనొప్పే. ఇంట్లోనూ అదే చాదస్తం. ఫ్రిజ్ ప్లగ్గు పీకేసేవాణ్ణి, గడియారాన్ని పెరట్లో పెట్టేవాణ్ణి, వచ్చినవాళ్ళ ఫోన్లు బియ్యం డబ్బాలో వేయించేవాణ్ణి. స్టూడియోలో లాగే గుమ్మం మీద ఒక ఎర్ర బల్బు. అది వెలిగితే దగ్గు కూడా నిషేధం. "పాట వినడానికి పిలిచారా, పరీక్ష రాయించడానికా?" అని మా ఆవిడ జానకి దెప్పేది.

బుద్రిని కుదిర్చింది జానకే. బుద్రి శుక్రవారం సంతకు చిక్కుళ్ళు తెచ్చే మనిషి, దారిలో మా అరుగు మీద కాసేపు కూర్చునేది. తన ఊళ్ళో పేరున్న పాటకత్తె. రెండేళ్ళ కిందట తోటికోడలు పోయాక పాట మానేసింది. ఇద్దరూ జంటగా పాడేవారట. జానకి నెలల తరబడి బతిమాలితే చివరికి ఒప్పుకుంది. "ఈ ఒక్కపాలి సూత్తానమ్మా. రాకపోతే మరింక పాడను," అంది.

ఆ ఆదివారం ఆమె చాప మీద కూర్చున్నాక బల్బు వేశాను. తన కొండభాషలో మొదటి చరణం ఎత్తుకుంది. కాస్త వణికినా గొంతు నిండుగానే ఉంది. చివరి మాటను సాగదీసి ఆగింది. మేమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. మళ్ళీ అదే చరణం, ఈసారి మెల్లగా. మళ్ళీ ఆగి ఒక్కొక్కరి మొహం చూసింది. మరిచిపోయింది కాబోలు, తొందరపెట్టకూడదని ఊరుకున్నాను. వెనక కూర్చున్న కిరాణా కొట్టు షావుకారు గొంతు సవరించుకోబోతే, వేలు నోటి మీద పెట్టి హెచ్చరించాను. బుద్రి ఆ వేలు చూసింది.

లేచి బుట్ట అందుకుంది. "ఏటి తప్పు సేసినాను బాబూ? వద్దంటే ముందే సెప్పొచ్చు గదా," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి జానకి, బుద్రి సాగదీసిన ఆ చివరి మాటను అందుకుని గట్టిగా తిరిగి పలికింది. ఆ భాష ఆమెకు రాదు. శ్రుతి అసలే లేదు. చిన్నప్పుడు కథలకు ఊ కొట్టిన అలవాటు, అంతే. బుద్రి ఆగి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "తప్పు పలికినావమ్మా," అంటూ సరైన మాట చెప్పింది. జానకి మళ్ళీ పలికింది, మళ్ళీ తప్పే. బుద్రి బుట్ట కింద పెట్టి, నిలబడే రెండో చరణం ఎత్తుకుంది. దానికి షావుకారు కూడా పలికాడు. నేను లేచి బల్బు ఆర్పేశాను.

పాటయ్యాక బుద్రి టీ తాగుతూ వివరించింది. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా ఇంటికొచ్చి పాడితే, చరణం చివరి మాటను ఆ ఇంటివాళ్ళు తిరిగి పలకాలి. పలికితేనే తర్వాతి చరణం. పలక్కపోతే ఇక చాలు, వెళ్ళమని అర్థం. నేను పదిహేను మంది చేత ఆమెను వెళ్ళమనిపించాను. సిగ్గుతో తల దించుకున్నాను. మరి ఊళ్ళో ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదని జానకి అడిగింది.

"ఊర్లో అందరూ సరిగ్గా పలుకుతారమ్మా, అచ్చం మా తోటికోడల్లాగే. ఏడుపొచ్చేత్తాది. నువ్వు తప్పు పలికినావు, నవ్వొచ్చింది," అంది బుద్రి.

తర్వాత ఆ పాటను రేడియోకి రికార్డు చేశాను. జానకి తప్పు పలుకు అందులో ఉంది. మా పద్ధతి ప్రకారం కత్తిరించాల్సిందే, కత్తిరించలేదు. నిశ్శబ్దం కావలసింది మా యంత్రానికి. పాడే మనిషికి కావలసింది పలికే మనిషి. ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి, మైకు తర్వాత పెట్టాలి.