తల వంచని వరి

మా వంశం పొలాలు ఎలా పోగొట్టుకుందో చల్లపల్లి చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. పరువు ఎలా పోయిందో మాత్రం నేనే చెప్పాలి. ఎందుకంటే ఆ ఘనకార్యం నాది. కత్తితో కాదు, కోర్టులో కాదు. పెన్సిలుతో, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా.

అవి యుద్ధం రోజులు. బస్సులు బొగ్గుతో నడిచేవి, మా ఇల్లు బడాయితో నడిచేది. దివాణంలో నా హయాంకి మిగిలినవి రెండే: ఒక విరిగిన పల్లకీ, నా నిటారు వీపు.

బెజవాడలో సాంబశివరావు మాస్టారని వృక్షశాస్త్రం చెబుతూ మొక్కల బొమ్మలు వేసే పెద్దమనిషి ఉండేవారు. ఆయన వేసిన మందారం మీద తుమ్మెద వాలిందని కోతలు కొయ్యను గానీ, మా మేనత్త మాత్రం పూజకని కోయబోయింది. ఆయనకు సహాయకుడు కావాలి. నాకు అన్నం కావాలి. చల్లపల్లిలో వ్యవసాయ ప్రదర్శనకు వరి పటం వేయమని పరీక్ష పెట్టారు.

"కంకి వేసిన మొక్క ఒకటి వేళ్ళతో సహా తెచ్చుకో నాయనా. రైతునడిగి తీసుకో. ఎదురుగా పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు వెయ్యి. లేనిది చేర్చకు. బొమ్మ కుదిరితే ఉద్యోగం నీది."

"వరి గురించి నేను రైతునడగాలాండీ? నాలుగు తరాలుగా వరి మా గాదెల్లోనే పుట్టిందండీ!"

"గాదెలో పుట్టదోయ్, పొలంలో పుడుతుంది," అన్నారాయన కుంచె కడుక్కుంటూ.

బుద్ధున్నవాడైతే అక్కడే మేలుకోవాలి. నేను బస్సెక్కాను.

ఒకప్పటి మా పొలానికే వెళ్ళాను. ఇప్పుడది మా పాత కౌలుదారు కోటయ్యది. గట్టు మీదే ఎదురయ్యాడు.

"ఏంటి బాబుగారూ, ఇలా దయచేశారు? ఏం కావాలండీ?"

"ఏమీ అక్కర్లేదు. ఊరికే చూసిపోదామని."

"చూడండి. మీ పొలమే అనుకోండి."

ఆ "అనుకోండి" నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంకేం అడుగుతాను? బూట్లతోనే మడిలోకి దిగాను. చేనంతా తల వంచుకుని నిలబడి ఉంది, నౌకర్ల వరసలా. వాటి మధ్య ఒక్క మొక్క మాత్రం మిగతావాటికంటే జానెడు ఎత్తుగా, నిటారుగా, ఎవరినీ లెక్కచేయకుండా నిలబడింది. అచ్చం మా తాతగారే! ఆ రాజసానికి పొంగిపోయి వేళ్ళతో సహా పీకాను.

"అదెందుకండీ బాబూ?" అని కేకేశాడు కోటయ్య.

"నీకు తెలియదులే."

"అంతేలెండి. ఇంకా ఉన్నాయండీ, అన్నీ పట్టుకెళ్ళినా సంతోషమేనండీ!"

పాత విశ్వాసం ఇంకా చావలేదని నా కళ్ళు చెమర్చాయి. పాఠకులు దయచేసి అప్పుడే నవ్వకండి.

తడిగుడ్డ చుట్టిన ఆ మొక్కను ఎదురుగా పెట్టుకుని మూడు రోజులు వేశాను. మాస్టారు రాసిచ్చిన కాగితంలో ఒక మాట ఉంది: ఆకు కాడను పట్టుకునే చోట వరికి నాలుక లాంటి పల్చటి పొర ఉంటుంది, మరవకు. భూతద్దం పెట్టి వెతికాను. నా మొక్కకు అక్కడ గుండు గీసినట్టు నున్నగా ఉంది. లేనిది చేర్చవద్దన్నారుగా? చేర్చలేదు. పైన "వరి" అని రాసి, కింద అంతే లావు అక్షరాలతో సంతకం చేశాను: ఆరేపూడి వీరవేంకట సత్యనారాయణ బహద్దరు.

మాస్టారికి జ్వరం తగులుకోవడంతో పటం ఆయన కంటపడకుండానే చల్లపల్లి చేరి గోడకెక్కింది. రైతులు గుమిగూడారు. పటం వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. మైమరచిపోయారనుకుని మీసం సవరించుకున్నాను.

"బాబుగారూ," అన్నాడు కోటయ్య మెల్లగా, "ఇది మొన్న మా చేలో పీకిందేనాండీ?"

"అదే!"

"అది ఊదండీ! కలుపు! మా ఆడాళ్ళు నడుములు పడిపోయేలా పీకినా ఇంకా మిగిలిందండీ!"

పందిరి ఎగిరిపోయేంత నవ్వు. వెనకనుంచి ఒక ముసలమ్మ నా పక్షం వహించింది: "ఊరుకోండ్రా పాపం! కంచంలో పెడితే బాబుగారు ఠక్కున గుర్తుపడతారు!"

సరిగ్గా అప్పుడే మాస్టారు మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చారు. పటానికి ముక్కు ఆనించి చూశారు. నా అన్నం ఆ ముక్కు కొసన వేలాడుతోంది.

"ఈ ఆకు మొదట్లో పొర ఏదోయ్?"

"లేదండీ."

"ఉంటుందని రాసిచ్చానుగా?"

"రాశారండీ. మొక్కకు లేదండీ."

"మరి అనుమానం రాలేదా?"

"వచ్చిందండీ. మీ మీద."

మాస్టారు నవ్వగా ఆ రోజే చూశాను. దగ్గుతూ నవ్వి, "ఊదకు ఆ పొర ఉండదోయ్. బొమ్మలో తప్పు లేదు, పైనున్న పేరులోనే ఉంది. సోమవారం నుంచి పనిలోకి రా," అన్నారు. కుంచె తెప్పించి "వరి" చెరిపి "ఊద" అని రాశారు. రైతులకు సలహా కూడా ఉండాలని అటూ ఇటూ చూసి, మొక్కకూ నా సంతకానికీ మధ్య ఖాళీలో చక్కగా ఇరికించారు. ఆ పటమే అచ్చయి డెల్టాలో ఊరూరా గోడలెక్కింది. చదువుకున్న ప్రతివాడూ పైకే చదివాడు:

"పొలంలో ఎక్కడ కనబడినా వేళ్ళతో సహా పీకేయండి. ఆరేపూడి వీరవేంకట సత్యనారాయణ బహద్దరు."

కనుక విరిగిన మా పల్లకీ సాక్షిగా శపథం చేస్తున్నాను: రైతునడగకుండా ఇక గడ్డిపరకైనా గియ్యను. అడిగేటప్పుడు వీపు ఒక అంగుళం వంచుతాను. సంతకం మాత్రం పొడి అక్షరాలతో, పటం వెనకాల.