గిటార్ విల్సన్ ఆఖరి ప్రోగ్రాంకి ఒక చెవి మిషను

2006. తెనాలిలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి ఆసుపత్రి మేడ మీద చిన్న గదిలో నేను ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. అంటే డాక్టర్ని కాదు. ఎవరికి ఎంత వినపడుతోందో కొలిచి, అవసరమైనవాళ్ళకి మిషను అమర్చడం నా పని. మొదట్లో ఈ తేడా ఓపిగ్గా వివరించేదాన్ని. ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ నేను డాక్టరమ్మనే.

ఒకరోజు పొద్దున రేపల్లె బండి దిగి మస్తాన్ వలీ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. రేపల్లెలో రైస్ మిల్లు డ్రైవరుగా చేసి మానేశారు. మిల్లులో యంత్రం నడిపే ఆయన్ని అక్కడ డ్రైవరనే అంటారు. వయసంతా ఆ హోరు పక్కన గడిపిన చెవులు కాబట్టి ఆడియోగ్రామ్ ఎలా వస్తుందో పరీక్షకి ముందే నాకు తెలుసు. ఆడియోగ్రామ్ అంటే వినికిడిని గీసి చూపించే గీత. ఆయనది లావు శబ్దాల దగ్గర బాగానే ఉండి, సన్నటి శబ్దాల దగ్గరకి వచ్చేసరికి జారుడుబల్లలా దిగిపోయింది. ఇలాంటివాళ్ళకి ఎదుటి మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది గానీ ఏమంటున్నారో తెలియదు.

"మిషను పెట్టుకోవాలి బాబాయి గారూ" అన్నాను గట్టిగా.

"అందుకే వచ్చానమ్మా. ఒక్క సాయంత్రానికి కావాలి."

పెళ్ళికి షామియానా అడిగినట్టు అడిగారు. నాకు నవ్వొచ్చింది.

"ఆ సాయంత్రం ఏంటి బాబాయి విశేషం?"

"గిటార్ విల్సన్ గారు ఇంక పాడరంటమ్మా. బాపట్లలో ఆఖరి ప్రోగ్రాం పెట్టారు. మా ఆవిడ ఒకటే దెప్పుతోంది, నా మాట వినటానికి ఇన్నేళ్ళూ చెవి చూపించుకోలేదు గానీ ఆయన పాట వినటానికి పరిగెత్తుకెళ్తున్నావా అని."

విల్సన్ ఎవరో నాకు తెలియదు. అడిగితే మస్తాన్ గారికి ఊపొచ్చింది. విల్సన్ గారిది బాపట్ల. డెబ్బయిల్లో నలుగురు కుర్రాళ్ళని పోగేసి, ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని, తను రాసుకున్న తెలుగు పాటలనే రాక్ పద్ధతిలో పాడటం మొదలుపెట్టారట. చీరాల నుంచి రేపల్లె దాకా ఆయన ప్రోగ్రాం ఎక్కడ పెట్టినా మస్తాన్ గారు మిల్లులో సెలవు చెప్పి వెళ్ళిపోయేవారట.

"మా ఇంట్లో అందరూ కవ్వాలీలకి పోతే నేను ఈయన వెంట తిరిగానమ్మా. మా నాన్న చేతిలో ఎన్ని చీవాట్లు తిన్నానో!"

"మరి ఇప్పుడు ఆయన పాడితే వినపడట్లేదా?"

"డ్రమ్ము వినపడుద్ది. ఆయన పెదాలు ఆడటం కనపడుద్ది. పాట మాత్రం నా తలకాయలోంచి తెచ్చుకుంటన్నా. ఆఖరిసారి కదమ్మా, నిజంగా వినాలి."

ఈ ముక్కతో నాకూ పట్టుదల వచ్చింది. అప్పటి మిషన్లన్నీ మాటల కోసం తయారైనవి. వాటితో రాక్ పాట వింటే ఎలా ఉంటుందో నాకూ తెలియదు. కొన్నాళ్ళు వాడి చూడమని ఇచ్చే ట్రయల్ మిషను ఒకటి తీసి, ఇంట్లో ఉన్న విల్సన్ గారి కేసెట్టు పట్టుకుని మళ్ళీ రమ్మన్నాను.

ఆయన కేసెట్టుతోపాటు టేప్‌రికార్డరు కూడా గుడ్డలో చుట్టి తెచ్చారు. మిషను చెవికి పెట్టి పాట వేశాను. గిటారు మీద ఒక తీగ సాగదీసి వాయించే చోట ఆయన మొహం ముడుచుకుపోయింది.

"ఇదేంటమ్మా, తీగకి చలిజొరం వచ్చినట్టుంది?"

మిషను నా చెవికి పెట్టుకుని విన్నాను. నిజమే, వణుకుతోంది. కాసేపటికి సంగతి అర్థమైంది. మిషను కూయ్‌మని ఈల వెయ్యడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. ఆ ఈలని అణిచిపెట్టే ఏర్పాటు లోపలే ఉంటుంది. పాపం దానికి సంగీతం ఏం తెలుసు? సాగే గిటారు మోతని కూడా ఈల అనుకుని పీక నొక్కుతోంది. దాన్నీ, రొదని తగ్గించే ఏర్పాటునీ ఆపేసి, పాటల కోసం మిషనులో వేరే సెట్టింగు పెట్టాను. ఈసారి తీగ నిలబడింది. మస్తాన్ గారు కేసెట్టు రెండో వైపు కూడా వేయించుకున్నారు.

ఇంకో చిక్కు మిగిలింది. కేసెట్టు మోత వేరు, స్పీకరు బాక్సుల మోత వేరు. అంత పెద్ద శబ్దం మిషను మైకులోకి వెళ్తే పాట చిట్లిపోతుంది. మైకు రంధ్రం మీద సెల్లో టేపు అంటిస్తే లోపలికి వెళ్ళే శబ్దం తగ్గుతుందని మా సీనియరు ఒకావిడ చెప్పారు. అది పనిచేస్తుందో లేదో చూడాలని నాకు ఒకటే కుతూహలం. ఆ ఆదివారం బాపట్ల బండెక్కేశాను.

స్కూలు గ్రౌండులో ప్రోగ్రాం. మస్తాన్ గారు అప్పటికే ఎడమ వైపు బాక్సు ముందు కూర్చుని ఉన్నారు.

"మధ్యలోకి రండి బాబాయి, ఇక్కడ మిషను తట్టుకోలేదు."

"మొదట్నుంచీ నా చోటు ఇదేనమ్మా. ఆయన స్టేజీ ఎక్కగానే ఇటే చూస్తారు."

మిల్లు హోరులో పండిన మొండితనం అది. బతిమాలి బతిమాలి నాలుగు వరసలు వెనక్కి తెచ్చాను. టేపు అంటించి మిషను చెవికి పెట్టాను.

మొదటి పాటలకి ఆయన ఆనందం చూసి తీరాలి. "డ్రమ్ముల పక్కన ఆ ఇత్తడి పళ్ళేలు మోగుతున్నాయమ్మా! ఊరికే అలంకారానికి పెట్టారనుకుంటన్నా ఇన్నాళ్ళూ" అని నా భుజం తట్టారు. తరవాత విల్సన్ గారు అందరూ ఎదురుచూస్తున్న పాట ఎత్తుకున్నారు. చివర్లో గొంతు పైకి వెళ్ళి అక్కడే నిలబడాలి. కేసెట్టులో అలాగే నిలబడింది.

మస్తాన్ గారు గబుక్కున చెవి మీద చెయ్యి వేసుకున్నారు.

"డాక్టరమ్మా, మిషను పాడైంది. పైకెళ్ళే చోట గరగరమంటోంది."

మిషనుకి ఏమీ కాలేదు. నాకూ గరగరగానే వినపడింది. విల్సన్ గారి గొంతు పగిలిపోయింది.

"అవును, మిషను పాడైంది" అని చెప్పెయ్యడం ఎంత తేలిక! ఆయన అభిమానం చెక్కుచెదరదు. కానీ ఆ మాటంటే, అప్పటిదాకా ఆయన విన్న ఇత్తడి పళ్ళేలు కూడా అబద్ధమైపోతాయి.

"మిషను బాగానే ఉంది బాబాయి. నాకూ అలాగే వినపడింది."

"అయితే అది ఆయన గొంతేనా?"

"ఆయనదే."

మస్తాన్ గారు స్టేజీ వైపు తిరిగారు. విల్సన్ గారు ఆ పైస్థాయి వదల్లేదు. మళ్ళీ ఎక్కబోయారు, మళ్ళీ గొంతు జారింది.

"నా తలకాయలో ఎప్పుడూ కుర్రాడే పాడేవాడమ్మా" అన్నారాయన చివరికి. "నేనొక్కణ్ణే ముసలాణ్ణయ్యాననుకున్నా. ఆయనా నాతోపాటే వచ్చారన్నమాట." కళ్ళు తుడుచుకుని చెవి నా వైపు తిప్పారు. "ఇంకాస్త పెంచమ్మా. ఇదే వింటాను."

పెంచాను.

అంతకుముందు మిషను పెట్టించుకునే ప్రతివాళ్ళకీ "మళ్ళీ మునుపటిలాగే వినపడుతుంది" అని చెప్పడం నాకు అలవాటు. మా వృత్తిలో అందరూ చెప్పే మాటే. బాపట్ల నుంచి వచ్చాక అది మానేశాను. మునుపటిలా కాదు, ఇప్పుడు ఎలా ఉందో అలా వినపడుతుంది, సరేనా అని అడుగుతాను. చాలామంది వెంటనే తలూపేస్తారు. కొందరు మాత్రం ఎవరి గొంతో గుర్తొచ్చినట్టు కాసేపు ఆగుతారు. వాళ్ళని నేను తొందరపెట్టను.