బ్యాటరీల పేరయ్య గారు అల్లుణ్ణి పరీక్షించిన వైనం

పేరయ్య గారు చెడగొట్టి చూడందే దేన్నీ నమ్మరు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఉపగ్రహాల్లో పెట్టే ఛార్జింగ్ బ్యాటరీలను పరీక్షించడంలోనే ఆయన జుట్టంతా ఊడింది. వేడెక్కించడం, కుదపడం, మోతాదు మించి ఛార్జి ఎక్కించడం, మేకు దించడం. రిటైరై పర్చూరు వచ్చాక ఉపగ్రహాలు దొరక్క ఇంటి మీద పడ్డారు. కొత్త మడతకుర్చీ కొనుక్కొచ్చి, దానిమీద బియ్యం బస్తా ఎత్తి కుదేశారు.

"విరిగింది, చూశావా?" అన్నారు భార్యతో, ఎంతో ఆనందంగా.

"బస్తా కూర్చుంటుందని ఎవరన్నారండీ!" అంది కోటిరత్నం.

అలాంటి మనిషి కూతురు అఖిలను చేసుకుంటానన్నాడు వీరబాబు. వాడు డిగ్రీ తప్పాడు. తొంభై ఎనిమిదిలో పత్తి వేస్తే పచ్చపురుగు తినేసింది. లైబ్రరీలో పుస్తకాలన్నీ చదివి లోకం మీద కోపం మాత్రం సంపాదించాడు. అఖిల ఒప్పుకుంది. మిగిలింది మామగారి పరీక్ష.

మొదటిది కుదుపు. ట్రాక్టరు ట్రక్కులో నిలబెట్టి చీరాల దాకా తిప్పుకొచ్చారు. రెండోది ఓవర్‌ఛార్జి. విస్తట్లో గారెలు అయ్యేకొద్దీ వేయించారు.

"చాలు మావయ్య గారూ!"

"చాలన్నాకే కదయ్యా పరీక్ష మొదలయ్యేది!"

మూడోది వేడి. మిట్టమధ్యాహ్నం కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీయాలి. "బ్యాటరీల పని హాయి, వాటికి మామ ఉండడు" అని గొణుక్కుంటూ తీస్తున్న వీరబాబు, కంట్లో చెమట పడితే చేత్తో తుడుచుకున్నాడు.

అంతే. వేసిన కేకకు చుట్టుపక్కల కాకులన్నీ లేచిపోయాయి. బుట్టను తన్నాడు. పురుగునీ, యూనివర్సిటీనీ, భూమండలాన్నీ వరసపెట్టి తిట్టాడు. కోటిరత్నం చెంబుతో పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, ముట్టుకోకండి! ఒళ్లంతా కారం! చెంబక్కడ పెట్టి దూరం జరగండి!"

తడుముకుంటూ నీళ్లు కొట్టుకుని, "తెలుసులెండి, ఫెయిల్. నాకలవాటే" అన్నాడు.

"ఎవడు చెప్పాడు?" అన్నారు పేరయ్య గారు. "ప్రతి బ్యాటరీ ఎప్పుడో ఒకప్పుడు చెడేదేనయ్యా. చెడేటప్పుడు పక్కదాన్ని అంటిస్తుందా లేదా, నేను చూసేదల్లా అదే. అంత మంటలోనూ మా ఆవిణ్ణి దూరం జరగమన్నావు. ముహూర్తం పెట్టిస్తా. ఏవీ, ఆ చేతులిటివ్వు."

వద్దన్నా వినకుండా ఆ చేతులకు నువ్వులనూనె పట్టించారు. తర్వాత తృప్తిగా కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకున్నారు.

"అమ్మో! నీళ్లు! ఎక్కడ చచ్చారే అందరూ! చెంబెవరు తీశారు?"

"అమ్మా, నాన్న పక్కవాళ్లను అంటిస్తున్నాడే" అంది కేకలు విని వచ్చిన అఖిల, నవ్వాపుకోలేక.

"పెళ్లికి ముందు మా నాన్న కూడా ఈయన్ని ఓ పూట కల్లంలో కూర్చోబెట్టి ఉంటేనా!" అంది కోటిరత్నం. చెంబు నింపి వీరబాబు చేతికిచ్చింది. "నీళ్లు పొయ్యి నాయనా. ఇక నీ మామే కదా."