మామి ముట్టుకోకుండా ముగ్గేసిన గుడ్డు

మా చిన్నప్పుడు... ఈస్టరుకు ముందురోజు తిరుపతిలో మా వంటింట్లో ఒక మహాకార్యం జరిగేది. ఉల్లిపొట్టు ఉడికించి చల్లార్చిన నీళ్లలో గుడ్లకు రంగేయడం!

అవ్వ ఏటా అదే కథ చెప్పేది. పాతకాలంలో ఈస్టరు ముందు నలభై రోజులూ గుడ్డు తినేవాళ్లు కాదంట. ఆ ఉపవాసం సంగతి కోళ్లకెవరు చెప్తారు? అవి పెడుతూనే పోయినాయి. ఆ గుడ్లు ఉడకబెట్టి దాచి, యేసయ్య రక్తానికి గుర్తుగా ఎర్రరంగేసి పండగనాడు పంచుకున్నారంట. పెంకు సమాధి... అది పగిలితే సమాధి తెరుచుకున్నట్టు.

అంతటి చరిత్ర గల గుడ్డును ఒక ఏడు నేను చర్చికి తీసుకుపోతే, దాని మట్టిరంగు చూసి పాస్టరమ్మ "ఉర్లగడ్డ తెచ్చినావేమిరా, కూరకా?" అనింది.

వంశప్రతిష్ఠ నిలబెట్టాలని మరుసటేడు పక్కింటి మామి దగ్గరికి పోయినాను. వీధిలో ముగ్గంటే ఆమెదే. వాళ్లింట్లోకి మాత్రం గుడ్డు పోదు. వాకిలి మెట్టు కిందే నిలబడి ఉడికిన తెల్లగుడ్డు, కొవ్వొత్తి ముక్క చూపించినాను.

"మైనం గీసిన చోట రంగంటదు మామీ... ముగ్గేసియ్యవా?"

మామి కొవ్వొత్తి ముక్క మాత్రం తీసుకునింది. "నేను ముట్టుకోనురా. నువ్వు పట్టుకోని తిప్పు, నేను గీస్తా."

తెల్లగుడ్డు మీద తెల్లమైనం... గీత ఒక్కటీ కనపడదు!

"నేను రోజూ చీకట్లో వేసేది ఏందిరా మరి? చేతికి తెలుసులే... కదలొద్దు!"

భూమిని తిప్పే బాధ్యత నాకే అప్పగించినట్టు, ఊపిరి బిగబట్టి తిప్పినాను.

పొద్దున రంగునీళ్లలోంచి తీసి మైనం తుడిస్తే... ఎర్రటి గుడ్డు చుట్టూ తెల్లటి మెలికల ముగ్గు. మొదలేదో చివరేదో తెలీదు! అవ్వ కళ్లద్దాలు తెచ్చుకోని మరీ చూసింది. చర్చిలో పాస్టరమ్మ దాన్ని అడిగి తీసుకోని అందరికీ చూపించింది.

అసలు కష్టం అప్పుడొచ్చింది. ప్రార్థన అయినాక గుడ్డు పగలగొట్టాలి. నేను రెండు చేతుల్లో దాచుకున్నాను.

"సమాధి తెరవకుండా పండగేందిరా?" అని అవ్వ.

పది నిమిషాలు గడువడిగి, వీధి చివరి చర్చి నుంచి మామి దగ్గరికి పరిగెత్తినాను. తన ముగ్గు ఆమె చూడ్డం అదే మొదటిసారి. "తిప్పు... ఇంకొంచెం తిప్పు..." అనింది. కళ్లు మెరిసినాయి.

"పగలగొట్టమంటున్నారు మామీ..."

"పగలగొట్టుకో పోరా. నా ముగ్గు మీద మాత్రం పాలాయన సైకిలు పోకుండా ఉంటాదా? రేపు మళ్లీ వేస్తా కదా."

పోయి పగలగొట్టినాను. ఒక పెంకు ముక్క జేబులో దాచిన విషయం అవ్వకు ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు మామి ఉండే అపార్ట్‌మెంటులో గుమ్మం ముందు స్టిక్కరు ముగ్గు... మా అక్క కూతురి చేతిలో ప్లాస్టిక్ గుడ్డు, లోపల చాక్లెట్టు. అది చెరగదు, ఇది పగలదు... మళ్లీ వేసే పనే లేదు.

మీ ఇండ్లల్లో గుడ్డు పట్టుకున్న చేతులెవరివో, గీసిన చేతులెవరివో... చెప్పండబ్బా, విందాం.